సీటు కింద బెల్లం

"ఇంక తొందరేం లేదు పాపా, నిదానంగా రా" అని అత్త ఫోన్‌లో చెప్పింది. మా మామ పోయాడన్న సంగతి నాకు ఆ మాటతోనే తెలిసింది.

అప్పటికి బెంగళూరు దాసరహళ్లిలో మెట్రో ఎక్కి ఆసుపత్రికి పోతున్నాను. ఒళ్లో ఉప్పు వేయని గంజి డబ్బా, ఇంకా వేడిగా ఉంది. పీణ్య దగ్గర అలవాటు కొద్దీ కిటికీలోంచి కిందికి చూశాను. పెట్రోలు బంకు పక్కన ఆయన తెల్ల వ్యాను ఉంది. వెనక తలుపు దించి ఉంది. మూడు నెలలుగా అది దించే ఉంది, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా ఆ పొద్దు, ఎవరో అప్పుడే వచ్చి మూసి పోయినట్టు అనిపించింది. రైలు ఆగలేదు. గంజిని ఏం చేయాలో తెలియక ఆసుపత్రి దాకా మోసుకుపోయాను.

మీలో ఎవరైనా గత ఇరవై రెండేళ్లలో తుమకూరు రోడ్డు మీద బండికి పొగ పరీక్ష చేయించుకుని ఉంటే, ఆయన్ని చూసే ఉంటారు. తెల్ల చొక్కా, సన్నటి మనిషి, చెవిలో పెన్ను. వ్యానులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, పొగ కొలిచే మిషను. మిషనుకున్న పొడుగాటి గొట్టాన్ని మీ బండి సైలెన్సరులో దూర్చి, మీ నంబరు ప్లేటుకు ఫోటో తీసి, కాగితం చేతికిచ్చేవాడు. మీకు ఆయన పేరు తెలిసుండదు. అందరూ "ఎమిషన్ ఆయన" అనేవాళ్లు. ఆయన మా అమ్మకు తమ్ముడు. పిల్లల్లేరు. ముళబాగిలు దగ్గర మా ఊళ్లో పదో తరగతి అయ్యాక, కాలేజీ చదువుకని నన్ను తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. పీయూసీ, అంటే ఇంటరు, ఆ తర్వాత బీఎస్సీ, ఆ తర్వాత నేను పట్టి వదిలేసిన రెండు ఉద్యోగాలు, అన్నీ ఆ రెండు గదుల ఇంట్లోంచే.

ఉద్యోగం మానేశానని చెప్పిన రెండోసారి అత్త గిన్నెలు గట్టిగా కడిగింది. మామ మాత్రం, "నీకు ఐడిల్ స్పీడు ఎక్కువ పాపా. నిలబడినా ఉరుకుతా ఉంటావు. ఇంజన్ మంచిదే, స్క్రూ కొంచెం తిప్పుకోవల్ల" అన్నాడు. నన్ను ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

తెల్ల చొక్కా ఎందుకని అత్త ఆయనతో ఎప్పుడూ గొడవే. ఉతికేది తను. సాయంత్రానికి కాలరు నల్లగా, చేతుల మడతల్లో నల్లగా, ఒక్కోసారి జేబు అంచు దగ్గర జిడ్డుగా. ముదురు రంగు వేసుకుంటే ఏం పోయిందని అత్త అడిగితే, "ఈ దినం ఎంత పొగ తింటినో నాకు తెలియల్ల గదా, చొక్కా చెప్తాది" అనేవాడు. మిషను బండ్ల పొగను కొలిచేది. ఆయన పొగను ఆ చొక్కా కొలిచేది. చొక్కా చెప్పేదాన్ని మేం సబ్బు పెట్టి ఉతికేసేవాళ్లం.

డీజిల్ లారీల పరీక్ష ఒక్కసారి చూసినా మరిచిపోలేం. లోపల డ్రైవరు యాక్సిలరేటరు అడుగుకంటా తొక్కాలి, వదలాలి, మళ్లీ తొక్కాలి. వెనక మామ గొట్టం పట్టుకుని నిలబడతాడు. నల్లటి మబ్బు ఒకటి ఆయన మీదికి వచ్చి, నడుము దాకా మింగి, మెల్లగా వదులుతుంది. అందులోంచి బయటికి వచ్చి, "నాజల్ చూపించుకోప్పా, ఫెయిలు" అనేవాడు. నేను కొనిచ్చిన మాస్కు గడ్డం కింద వేలాడుతుండేది. ముక్కుకు పెట్టుకోమంటే, పెట్టుకుంటే వాసన తెలియదనేవాడు. మిషను అంకె చూపించకముందే పొగ వాసన చూసి ఇంజన్‌కు ఏమైందో చెప్పడం ఆయన గర్వం. ఆయిలు కాలుతోందా, పెట్రోలు ఎక్కువ తాగుతోందా, ఫిల్టరు మూసుకుపోయిందా అన్నీ ముక్కుతోనే. అది చూసి మేమందరం మురిసిపోయేవాళ్లం. నేనూ స్నేహితురాళ్లను తీసుకుపోయి చూపించాను.

ఆయన వ్యానుకు వంద అడుగుల దూరంలో ఇంకో వ్యాను ఉండేది. అక్కడ గొట్టం పెట్టే పనే లేదు. ప్లేటుకు ఫోటో తీస్తే చాలు, కాగితం వస్తుంది. మామ దగ్గర ఫెయిలైన బండ్లన్నీ నేరుగా అక్కడికి పోయి పాసయ్యేవి. మామ చూస్తూనే ఉండేవాడు. ఒకసారి నాకే కోపం వచ్చి, నువ్వూ అట్లాగే ఇచ్చేయొచ్చు కదా మామా, ఎట్లాగూ వాళ్లు రోడ్డెక్కుతారు అన్నాను. ఆయన ప్రింటరులో కాగితం సర్దుతూ, "అబద్ధానికి ఇంకు యాల దండగ పాపా" అన్నాడు. అంతే. ఆ మాటను పెద్ద నీతిలాగా కాదు, నిజంగా ఇంకు గురించే అన్నట్టు అన్నాడు.

చిన్నప్పుడు సెలవుల్లో బెంగళూరు వస్తే నాకు ఆటస్థలం ఆ వ్యానే. బేరం లేనప్పుడు గొట్టం నా నోటి దగ్గర పెట్టి ఊదమనేవాడు. గట్టిగా ఊదేదాన్ని. రఫ్ కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చేవాడు: పొగ లేదు, కోపం ఎక్కువ, పాస్. కింద సంతకం. "ఆరు నెలలకు మళ్లీ రావల్ల, లేదంటే పోలీసు పట్టుకుంటాడు" అని హెచ్చరిక. ఆ కాగితాలు నా దగ్గర రెండున్నాయి.

ఇక బెల్లం సంగతి. రోజూ సాయంత్రం వ్యాను తలుపు దించాక, డ్రైవరు సీటు కింద ఉండే బిస్కెట్ల రేకు డబ్బా తీసి, నిమ్మకాయంత బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. పీణ్యలో పాలిషింగ్ పని చేసే వాళ్లు, సిమెంటు దించే వాళ్లు అందరూ చేసే పనే అది. బెల్లం దుమ్మును పట్టుకుని దించేస్తుందని నమ్మకం. ఆయన చెప్పేది ఇంకో ఆకు ఎక్కువ: పొగ ఊపిరి దగ్గరే ఆగదట, కడుపులోకి దిగి అక్కడే కూర్చుంటుందట.

నేను అప్పుడు బీఎస్సీ రెండో ఏడు. బాగా నవ్వాను. కాగితం మీద బొమ్మ వేసి చూపించాను. ముక్కు, శ్వాసనాళం, ఊపిరితిత్తులు. ఇదొక దారి. నోరు, అన్నవాహిక, కడుపు, కాలేయం. అదొక దారి. రెండూ వేరు మామా, పొగ కడుపులోకి పోదు, నువ్వు ఊరికే భయపడొద్దు అని. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే పాపా, నువ్వు చదివిన దానివి" అన్నాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బెల్లం మాత్రం మానలేదు.

రెండేళ్ల కిందట మెట్లెక్కితే అలసట అన్నాడు. వయసు అన్నాం. కాళ్లు వాచాయి. నిలబడే పని కదా అన్నాం. ఒక పొద్దున అత్త నన్ను లేపి, ఆయన కళ్లు చూడమంది. పసుపు నీళ్లు పోసినట్టు ఉన్నాయి. నేను ఆసుపత్రి అన్నాను. అప్పటికే మా పెద్దమామ, అంటే మామకు అన్న, ఊరినుంచి బయల్దేరాడు. కామెర్లకు ఇంగ్లీషు మందు లేదని, పసరే మందని ఆయన మాట. ఆనేకల్ పక్క పల్లెలో మూడు ఆదివారాలు పరగడుపున పసరు తాగించాడు. ఉప్పు లేదు, నూనె లేదు, పథ్యం. కళ్లు కొంచెం తెల్లబడ్డాయి కూడా. మేం సంతోషపడ్డాం. నాలుగో వారానికి పొట్ట కుండలాగా ఉబ్బింది. ఆ మూడు ఆదివారాలు నేను ఎందుకు నోరు మూసుకున్నానో నాకు ఇప్పటికీ తెలియదు. బొమ్మ వేసి నవ్విన నోరు కదా అది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టులు చూసి, తాగుతారా అని అడగలేదు. ఎన్నేళ్లుగా తాగుతున్నారు అని అడిగింది. మామ తాగనన్నాడు. ఆమె అత్త వైపు చూసింది. అత్త తల అడ్డంగా ఊపింది. ఆమె నా వైపు చూసింది. కాలేయం గట్టిపడిపోయింది, పచ్చకామెర్ల వైరసులేవీ లేవు, చక్కెర అంచు మీద ఉంది కానీ ఇంతగా పాడుచేసేంత కాదు, కాబట్టి నిజం చెబితే మందు ఇవ్వడానికి సులువని నెమ్మదిగా చెప్పింది. మామ మళ్లీ తాగనన్నాడు. మూడోసారి అడిగినప్పుడు ఆయన కిటికీలోంచి బయట ఆగి ఉన్న ఆంబులెన్సు సైలెన్సరు చూస్తూ కూర్చున్నాడు.

మా తాత తాగి తాగి పోయాడు. తాతను మోసిన రోజు, పదిహేనేళ్ల మామ, మా అవ్వ చేతిలో చెయ్యి వేసి జన్మలో ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఇంట్లో అందరికీ తెలిసిన కథే. కానీ లివరు పోయిందని తెలిసిన రోజు నుంచి చుట్టాలకు ఆ కథ తిరగబడింది. తాత రక్తం ఎక్కడికి పోతుంది అన్నారు. రోడ్డు మీద పని, లారీ డ్రైవర్ల సావాసం అన్నారు. పాపం, చాటుగా తాగినాడు అని జాలిపడ్డారు. ఆ జాలి తిట్టుకంటే పదునుగా ఉండేది. అత్త ఫైలు తీసుకుని నా దగ్గరికి వచ్చి, మద్యం అని ఉన్న చోట ఏం రాశారో చదవమంది. తాగనంటున్నాడు అని రాశారత్తా అన్నాను.

"తాగడు అని రాయకుండా, తాగనంటున్నాడు అని యాల రాసినారు?"

ఇప్పుడు రాయబోయేది నాకు కష్టంగా ఉంది. ఆ రాత్రంతా నేనూ అనుమానించాను. మరుసటి రోజు, వ్యానులో మిషనుకు కవరు కప్పి వస్తానని తాళాలు తీసుకుని పోయాను. మామ కూడా వస్తానని ఆటోలో వచ్చాడు. బంకు అబ్బాయిలతో మాట్లాడతాడులే అనుకుని, నేను వ్యానెక్కి వెతికాను. కంప్యూటరు వెనక, స్టెప్నీ కింద, కాగితాల కట్టల మధ్య. ఆఖరికి డ్రైవరు సీటు కింద చెయ్యి పెడితే రేకు డబ్బా తగిలింది. మూత తీశాను. బెల్లం. కాగితంలో చుట్టిన అచ్చు ఒకటి, విరిగిన ముక్కలు కొన్ని. అడుగున మడిచిన కాగితం ఒకటి, జిడ్డు పట్టి. నేను వేసిన బొమ్మ.

తలెత్తితే తలుపు దగ్గర మామ ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. కోపం లేదు. మిషను పక్కన చుట్టి పెట్టిన గొట్టం వైపు చూసి, నా వైపు చూసి, "ఊదేదా పాపా?" అన్నాడు.

ఇరవై రెండేళ్లలో ఒక్క తప్పుడు కాగితం ఇవ్వని మనిషి. ప్రతి బండి మాటనూ నమ్మకుండా కొలిచాడు, కొలిచినదాన్ని ఉన్నదున్నట్టు రాశాడు. ఆ మనిషి తన గురించి చెప్పిన ఒకే ఒక్క మాటను మేం నమ్మలేదు.

ఆ తర్వాత నేను ఆగలేదు. ఐడిల్ స్పీడు ఎక్కువే కదా. దొరికినవన్నీ చదివాను. డాక్టరమ్మను వరండాలో పట్టుకున్నాను. ఇరవై రెండేళ్లు పొగలో నిలబడ్డాడు మేడమ్, దానివల్ల కావచ్చా అని అడిగాను. ఆమె నిలబడిపోయింది. అదే మొదటిసారి ఆమె తొందర లేకుండా మాట్లాడటం. పొగలో కంటికి కనబడని నలుసులు ఊపిరితిత్తుల దగ్గర ఆగవని, రక్తంలో కలుస్తాయని, రక్తమంతా కాలేయం గుండా పోవాల్సిందేనని చెప్పింది. ఏళ్ల తరబడి చెడ్డ గాలి పీల్చేవాళ్లలో కాలేయానికి కొవ్వు పట్టడం, గట్టిపడటం ఎక్కువగా కనిపిస్తోందని పరిశోధనలు చెబుతున్నాయంది. తాగని వాళ్లలో కూడా. అయితే అది రాసివ్వండి మేడమ్ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ముప్పు పెరుగుతుందని చెప్పగలనమ్మా, ఈ ఒక్క మనిషికి ఇదే కారణమని చెప్పలేను, అట్లా చెప్పే పరీక్ష లేదు అంది. ఆయన తాగడని మాత్రం నేను నమ్ముతున్నాను అంది. ఆ నమ్మకం ఫైలులోకి ఎక్కదు.

వార్డులోకి పోయి మామ మంచం పక్కన కూర్చుని, నువ్వు చెప్పిందే నిజం మామా, పొగ లోపలికి దిగుతుంది, నేను వేసిన బొమ్మే తప్పు అన్నాను. ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది, లారీ రోగం వాసనతో కనిపెట్టినప్పుడు వెలిగినట్టు. తర్వాత మెల్లగా అన్నాడు:

"అయితే బెల్లం పని చెయ్యలేదే పాపా."

కాలేయం మార్చాలన్నారు. అత్త తనది ముక్క తీసుకోమంది. పరీక్షలు చేశారు. అత్త కాలేయానికే కొవ్వు పట్టి ఉందని, పనికిరాదని చెప్పారు. అత్త ఏనాడూ వ్యాను దగ్గర నిలబడింది లేదు. ఇరవై రెండేళ్లు ఆ రోడ్డు వైపు తెరుచుకునే కిటికీ పక్కన వంట చేసింది, ఆ చొక్కాలు ఉతికింది. కారణం ఇదని నేనూ రాసివ్వలేను. కానీ రోజుకు రెండుసార్లు ఆ కిటికీ గట్టు తుడిచే గుడ్డ ఏ రంగులోకి మారుతుందో నాకు తెలుసు. నేను ఇస్తానంటే మామ ఒప్పుకోలేదు. మేనకోడలంటే అనుమతులు చాలా కావాలన్నారు, అవన్నీ తెస్తానన్నాను. "కొత్త ఇంజన్ విప్పి పాత బండికి వేస్తారా యాడన్నా? నేను మెకానిక్కులను చూసినోణ్ణి" అని నవ్వి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చనిపోయినవాళ్ల కాలేయం కోసం వరుసలో పేరు రాయించాం. వరుస కదల్లేదు. ఒక తెల్లవారుజామున రక్తం కక్కుకున్నాడు. నేను ఇంటికి పోయి గంజి కాచుకుని బయల్దేరేలోపు అంతా అయిపోయింది.

పదకొండో రోజు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, పటం ముందు ఉంచి, తలుపు మూసి అందరూ బయటికి వచ్చేయడం మావాళ్ల పద్ధతి. లోపల వాళ్లు వచ్చి తింటారు. ఎవరూ చూడకూడదు. అత్త రాగిముద్ద చేసింది, అందులోకి ఉప్పుసారు చేసింది, ఈసారి ఉప్పు వేసి. ఒబ్బట్లు చేసింది. చివరి నిమిషంలో పెద్దమామ సంచిలోంచి బ్రాందీ సీసా ఒకటి తీసి ఆకు పక్కన పెట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు.

"దాచుకోని దాచుకోని తాగినాడు నా తమ్ముడు. ఇంక ఎవరికి భయపడల్ల? నెమ్మదిగా తాగనీ" అన్నాడు.

అది ప్రేమ. ప్రేమను కొట్టడానికి మాకు చెయ్యి రాలేదు. నాకైతే వ్యానులో వెతికిన చెయ్యే ఉంది, దాన్ని ఏ ముఖంతో ఎత్తేది. అందరం బయటికి వచ్చాం. అత్త తలుపు మూసి గొళ్లెం మీద చెయ్యి అట్లాగే ఉంచింది. బాల్కనీలో పదిమందిమి గోడకు ఆనుకుని నిలబడ్డాం. కింద తుమకూరు రోడ్డు ఆగకుండా పోతోంది. అత్త నా వైపు తిరగకుండానే, నాకు మాత్రమే వినబడేటట్టు అడిగింది.

"వ్యానులో సీటు కింద చూస్తివంట గదా పాపా. మీ మామే చెప్పినాడు, నవ్వతా. ఏముండె?"

"బెల్లం అత్తా. బెల్లం ఒకటే ఉండింది."

"ఇంకేం లేదు గదా?"

ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి నన్ను అడుగుతోంది. మేమంతా కలిసి ఆమెను కూడా అక్కడి దాకా తెచ్చేశాం.

"ఇంకేం లేదత్తా. నేను అంతా వెతికినాను."

అత్త గొళ్లెం తీసింది. ఆయన తినేటప్పుడు తీయకూడదని ఎవరో ముసలావిడ పట్టుకోబోయింది. అత్త లోపలికి పోయి సీసా పట్టుకుని వచ్చింది. పెద్దమామ చేతికి ఇవ్వలేదు, విసిరేయలేదు. బాల్కనీ పిట్టగోడ మీద పెట్టింది. "ఆయన తాగడు బావా" అని మాత్రం అంది. అది అడిగినట్టు లేదు, బతిమాలినట్టు లేదు. వంటింట్లోకి పోయి బెల్లం అచ్చు తెచ్చి ఆకులో పెట్టి, మళ్లీ బయటికి వచ్చి తలుపు మూసింది. పెద్దమామ పిట్టగోడ వైపు చూడలేదు. భుజం మీద తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

సాయంత్రం చుట్టాలందరూ పోయాక సీసా ఇంకా అక్కడే ఉంది, సీలు తీయకుండా. పొద్దున తళతళలాడిన గాజు మీద సన్నగా నల్లటి పొర పడింది. అత్త గుడ్డ తెచ్చి పిట్టగోడంతా తుడిచింది, సీసా ఉన్న చోటు వదిలేసి. తర్వాత దాని భుజం మీద చూపుడువేలు పెట్టి కిందికి ఒక గీత గీసింది. వేలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది, నాకు చూపించింది. గుడ్డ చేతిలోనే ఉన్నా ఆ వేలిని కొంగుకు తుడుచుకుంది. తెల్లచీర మీద ఆ నల్లటి చార, ఆమె లోపలికి పోయేదాకా నాకు కనబడుతూనే ఉంది.